గురువారం ఆరు గంటల లైను

ఆదివారం ఉదయం రొమీనా వంటగది బల్లమీది రొట్టెముక్కలను ఓ పక్కకు జరిపి, సబ్బుపెట్టెంత కంప్యూటరును అక్కడ పెట్టింది. ఇంటివాళ్లు ఫోన్లలో రాసుకునే మాటలు ఏదో కంపెనీ చేతుల్లో కాకుండా ఈ ఇంట్లోనే ఉండాలని ఆమె పట్టుదల. తల్లి నెలీదా మాతే అనే ఆకు టీ కోసం సొరబుర్రలో వేడినీళ్లు పోస్తోంది. పిన్ని ఒఫేలియా కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తోంది.

"రెండు రకాల సర్వర్లున్నాయమ్మా. ఒకటి ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో అంతా గుర్తుపెట్టుకుంటుంది. రెండోది మాట అందించేసి మర్చిపోతుంది. మొదటిదే నయం. ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది."

"అదే పెట్టు. ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు కూర్చున్నదాన్ని నేను. ఇప్పుడు నా కుర్చీలో నువ్వు," అని నెలీదా నవ్వింది.

"నన్ను మాత్రం అందులో చేర్చకు," అంది ఒఫేలియా తలెత్తకుండా.

"భయమెందుకు పిన్నీ? మాటలన్నీ తాళం వేసుకుని వెళ్తాయి. నువ్వేం రాశావో నాక్కూడా కనబడదు."

"ఎవరికి రాశానో?"

రొమీనా తడబడింది. "అది... కనబడుతుంది."

"మీ అమ్మకి అంతే చాలింది."

నెలీదా చేతిలో కెటిల్ ఆగింది. "ఒఫేలియా, నేను ఒక్కనాడూ ఎవరి మాటా వినలేదు. ఊళ్లో ఎవర్నైనా అడుగు."

"వినలేదక్కా. నాకు తెలుసు. గురువారం గురువారం సాయంత్రం ఆరింటికి సాల్తో పట్నం నుంచి నేను పనిచేసే మందుల షాపుకి ఫోనొస్తోందని నాన్నతో అన్నావు. అంతే అన్నావు. సోమవారానికి నా ఉద్యోగం మాన్పించాడు."

అప్పట్లో ఓ రాత్రి భోజనాల దగ్గర తానే ఆ మాట అన్నట్టు నెలీదాకు గుర్తుంది. ఊరి కబురు చెప్పినట్టు, వానొచ్చిందన్నట్టు చెప్పింది. మాటలు విననంతకాలం గుట్టు కాపాడుతున్నట్టేనని ఆమె నమ్మకం. ఎక్స్ఛేంజీ ఆడపిల్లలందరి నమ్మకమూ అదే. ఏ ప్లగ్గు ఏ రంధ్రంలో పెడుతున్నారో, ఏ వేళకు పెడుతున్నారో అది కూడా ఒకరి గుట్టేనని వాళ్లకెవరూ నేర్పలేదు.

"ఆ తర్వాత కూడా నాలుగు గురువారాలు ఎక్స్ఛేంజీ బోర్డు మీద సాల్తో లైను దీపం వెలిగింది," అంది నెలీదా మెల్లగా. "నేనే షాపుకి కలిపాను. ఐదో వారం వెలగలేదు."

ఒఫేలియా చేతిలోని బఠాణీకాయను గిన్నెలో పెట్టింది. "నాలుగు వారాలా? మొదటి వారానికే ఆయన ఫోను చెయ్యడం మానుకున్నాడనుకున్నాను."

"నాలుగు."

"నలభై మూడేళ్లు పట్టింది నీకు ఈ ముక్క చెప్పడానికి."

"నువ్వు అడుగుతావేమోనని భయపడుతూ బతికాను. అడగనప్పుడు ఇంకా భయమేసింది. తప్పు చేశానే."

ఒఫేలియా వంట గుడ్డతో ముఖం తుడుచుకుంది. నెలీదా కూతురి వైపు తిరిగింది. "మర్చిపోయేదే పెట్టు."

"చెడితే ఎక్కడ చెడిందో తెలియదమ్మా. మళ్లీ మొదట్నుంచీ చేసుకోవాలి."

"చేసుకో. నీకు ఓపికుంది."

రొమీనా అలాగే చేసింది. తెరమీద అక్షరాల వరసలు కదిలి కదిలి, గంట తర్వాత ఆగాయి. మొదట తనకు, తర్వాత తల్లికి ఖాతా తెరిచింది. మూడోది అడగాలో వద్దో తెలియక ఊరుకుంది. అప్పుడు ఒఫేలియా లేచి వచ్చి, తన ఫోను ఆమె ముందు పెట్టింది.

"కళ్లద్దాలు లేకుండా కనబడేలా అక్షరాలు పెద్దవి చెయ్యి," అంది.

నెలీదా కొత్తగా మాతే నింపి చెల్లెలికి అందించింది. ఆమె తాగి ఆ సొరబుర్రను తిరిగి ఇచ్చేదాకా ఆగింది.

"ఆయన పేరేమిటే? నాకు లైను ఒక్కటే తెలుసు."

ఒఫేలియా అక్క వైపు తిరిగింది.

"ఎవారిస్తో," అంది.