అల్లుడు కుట్టిన లైఫ్ జాకెట్

మనవరాలు పిచ్చుక బడికి వెళ్లిపోయాక అమ్మమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. తలెత్తి చూస్తే పిల్ల లైఫ్ జాకెట్ మేకుకే వేలాడుతోంది.

"పిల్ల ఏం వేసుకెళ్లింది బాబూ?"

అల్లుడు కాఫీ తాగుతూ నవ్వాడు. "నిన్న నేను కుట్టింది తొడిగాను అత్తయ్యా. నాన్న కుట్టాడని బడంతా చెప్పుకుంటుందట."

అమ్మమ్మ మిషన్ వదిలి లేచింది.

కూతురు నడిపే చిన్న సంస్థ పడవలవాళ్లకు లైఫ్ జాకెట్లు అమ్మి, ఆ లాభంతో ఏటి అవతలి బడికి వెళ్లే పిల్లలకు ఊరికే కుట్టిస్తుంది. అల్లుడి కంపెనీ సామాజిక బాధ్యత పేరుతో గుడ్డా, మిషన్లూ ఇస్తుంది. అప్పుడప్పుడు ఉద్యోగులు వచ్చి సరదాగా తలొకటి కుట్టి, ఫొటోలు దిగి వెళ్తారు. వాళ్లు గేటు దాటగానే తల్లీకూతుళ్లు అవన్నీ విప్పి మళ్లీ కుడతారు. ఈ సంగతి అల్లుడికి తెలియదు. తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని ఒక భయం, కంపెనీ చెయ్యి వెనక్కి తీసుకుంటుందని ఇంకో భయం.

"కారు తీయండి బాబూ. అది ఇంకా విప్పలేదు."

"విప్పడమేంటి?"

వంటింటి గుమ్మంలోంచి కూతురు కళ్లతోనే వద్దంది. అమ్మమ్మ ఆగలేదు. "మీవాళ్ల కుట్లు నిలవవు. అన్నీ విప్పే కుడతాం. మీవీ అంతే."

అల్లుడి మొహం మాడిపోయింది. "ఇన్నాళ్లూ నన్ను వెర్రివాణ్ణి చేశారా?"

"తిట్టేదేదో దారిలో తిట్టండి. పిచ్చుక పడవెక్కేస్తుంది."

కూతురు చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కింది.

వేళ్లు నొప్పిగా ఉన్నాయని నిన్న పని వాయిదా వేసింది అమ్మమ్మే. ఆ మాటే దారంతా ఆమెను తొలిచేసింది. ఏటి దగ్గరికి వచ్చేసరికి పడవ గట్టు వదిలేసింది. అంచున కూర్చున్న పిచ్చుక హుషారుగా చెయ్యి ఊపింది.

"వెనక్కి తిప్పు" అని అల్లుడు గొంతు చించుకున్నాడు. పడవవాడు విసుక్కుంటూ తిప్పాడు.

పిల్లను పైకి లాగబోయి అల్లుడు లైఫ్ జాకెట్ భుజంపట్టీ పట్టుకున్నాడు. పట్టీ ఊడి చేతిలోకి వచ్చింది. పిల్ల పడవలోనే ఉండిపోయింది.

"చింపేశావు నాన్నా" అని పిచ్చుక ఏడుపు లంకించుకుంది.

అల్లుడు పట్టీ చేతిలో పట్టుకుని గట్టుమీద కూలబడితే, కూతురు పిల్లను దించుకుంది.

సాయంత్రం అతను ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి అత్తగారి పక్కన నేలమీద కూర్చున్నాడు. "మావాళ్లకు అంతా చెప్పేశాను అత్తయ్యా. ఇకమీదట మీరు నేర్పి, సరే అన్నాకే మిషన్ ముట్టుకోవాలన్నాను."

"సాయం ఆపేస్తేనో?" అంది కూతురు.

"ఆపితే ఆపనీ." అతను చెయ్యి చాపాడు. "నా కుట్లు నేనే విప్పుతాను. ఎలాగో చూపించండి."

అమ్మమ్మ బ్లేడు అందించింది. మొదటి కుట్టు ఎక్కడ తెంపాలో వేలితో చూపించింది. అతను తెంపాడు.