మడత కలిపా, కలపకుండానా?

బుధవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పదిహేనేళ్ల అమ్మాయి ఎనిమిది కర్టెన్ల గుడ్డను పది అంగుళాలు పొట్టిగా కోసింది.

ఆమె చదివే స్కూలు పదో తరగతి పిల్లలను రెండు వారాలు ఏదో ఒక పనిచోటుకు పంపుతుంది. జీతం ఉండదు. ఆఖరి రోజున యజమాని ఒక ఫారం నింపి స్కూలుకు పంపాలి. కర్టెన్లు కుట్టే వర్క్‌షాపును అమ్మాయి తనే ఎంచుకుంది. వాళ్లమ్మ పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో మిషన్ కుడుతోంది. నాన్న బస్సు డ్రైవరు. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని ఆయన ఆమెకు పెట్టిన ముద్దుపేరు అంగుళం. ఇప్పుడు ఆయన భుజం దాటింది. పేరు మాత్రం మారలేదు.

బుధవారం ఆమెకు మూడో రోజు. "టైలర్ కూతురివి, నీకు నేను చెప్పేదేముందమ్మా" అని కటింగ్ మాస్టర్ బల్ల మీద గుడ్డ పరిచి, చీటీ పెట్టి, ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. చీటీలో రెండే అంకెలున్నాయి. పొడవు 84, కర్టెన్లు 12. అది కుట్టు పూర్తయ్యాక ఉండాల్సిన పొడవు. పై మడతకు నాలుగు అంగుళాలు, కింది మడతకు ఆరు కలిపి 94కు కోయాలి. మాస్టర్ తిరిగొచ్చేసరికి ఎనిమిది ముక్కలు 84కు తెగి ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి ఆమె ఇల్లు చేరింది. చెప్పులు విప్పకుండానే జరిగింది చెప్పింది.

"రేపు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురమ్మన్నారు వర్క్‌షాపు ఓనరు మేడమ్."

"నేనొస్తా," అన్నాడు నాన్న. "వచ్చి, మా పిల్ల ఇక రాదని చెప్పేసి వస్తా. పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఈ కత్తెర కొలువు నీకెందుకే అంగుళం?"

"ఇంకా ఏడు రోజులున్నాయి నాన్నా."

"ఏడు రోజుల్లో ఇంకెన్ని కోస్తావు?"

అమ్మ మిషన్ ఆపింది. "నా మిషన్ పక్కనే పెరిగావు. మడత వదలాలని తెలీదూ? నలుగురూ ఏమంటారు? ఈవిడ కూతురికే కోత రాదు, ఇక ఈవిడకేం వచ్చు అనరూ?"

"ఇంట్లో కోసినట్టే కోశానమ్మా. నువ్వు ఎంత రాస్తే అంతకు కోస్తాను కదా ఎప్పుడూ!"

అమ్మ మిషన్ ముందు నుంచి లేచింది. సొరుగులోంచి కొలతల పుస్తకం తీసి ఒక పేజీ చూసింది. ఇంకోటి తిప్పింది.

"ఇప్పుడా నీ పుస్తక పఠనం?" అన్నాడు నాన్న.

"మీరు ఒక్క నిమిషం ఆగండి." ఆమె పుస్తకాన్ని కూతురి ముందు పెట్టింది. "పక్కింటి పిన్నిగారి జాకెట్టు. పొడవు పదమూడు కావాలంది. నేనెంత రాశాను?"

"పదిహేను."

"రెండు అంగుళాలు మడతకు. పని మొదలుపెట్టిన ఏడాది ఒకావిడ గౌను మడత మర్చిపోయి కోశాను. నానా మాటలూ అంది. అప్పట్నుంచీ మడత కలిపే రాస్తున్నాను. అందరూ అలా రాయరని నీకు చెప్పాలని ఎప్పుడూ తోచలేదు." ఆమె పుస్తకం మూసింది. "కోత నీది. లెక్క నాది. రేపు నేనే వచ్చి చెప్తాను."

"వద్దమ్మా. అడగాల్సింది నేను. చీటీ చూడగానే అనుమానం వచ్చింది."

"మరి అడగటానికేం? నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది అమ్మ.

అమ్మాయి చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. అటు తిరిగే చెప్పింది.

"టైలర్ కూతురివి అన్నారు కదా. అడిగితే నీ పేరు పోతుందనుకున్నా."

అమ్మ పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంది. కూతుర్ని పక్కకు లాక్కుని, "నా పేరుకేమే, పిచ్చిదానా," అంది. మిషన్ మీద సగం కుట్టిన గుడ్డ అలాగే ఉంది.

గురువారం ఉదయం ఐదున్నరకు అమ్మాయి వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని లెక్క వేసింది. తొమ్మిదింటికి ముగ్గురూ వర్క్‌షాపులో ఉన్నారు.

"తప్పు నా అలవాటుది మేడమ్," అని అమ్మ మొదలుపెట్టింది.

"ఉండవోయ్," అన్నాడు నాన్న. మాస్టర్ వైపు తిరిగాడు. "మా డిపోలో కొత్త డ్రైవరు పక్కన పాతవాడు నెల రోజులు కూర్చుంటాడు. మూడో రోజే బస్సు చేతికిచ్చి ఫోన్ మాట్లాడుకోం."

మాస్టర్ బల్ల మీది సుద్దను అటూ ఇటూ జరిపాడు. "ఆర్డరు శుక్రవారానికి ఇవ్వాలి సార్. చేతులు తక్కువ, పని ఎక్కువ. చెప్పకుండా వెళ్లడం నాదే పొరపాటు."

"సరే, ఎనిమిది ముక్కలు ఏం చేయాలి?" అంది మేడమ్.

అమ్మాయి కాగితం తీసింది. "కింద బూడిదరంగు పట్టీ వేద్దాం. మిగతా నాలుగూ 84కే కోసి వాటికీ అదే పట్టీ వేస్తే పన్నెండూ ఒక్కలా ఉంటాయి. పట్టీ పదకొండు అంగుళాలు."

"తగ్గింది పదే కదా?"

"అతికే చోట అటు అర, ఇటు అర కుట్టులోకి పోతుంది. కుట్టూ మడతా కలిపే చెప్తున్నా."

కర్టెన్లు ఆర్డరిచ్చిన ఆసుపత్రికి మేడమ్ ఫోన్ చేసింది. వాళ్లు ఒప్పుకున్నారు. నాన్న గడియారం చూసుకున్నాడు.

"ఎన్నింటికి రమ్మంటావే అంగుళం, తీసుకెళ్లడానికి?"

"ఐదింటికి నాన్నా."

మాస్టర్ తర్వాతి చీటీ ఆమె చేతికిచ్చేలోపే ఆమె అడిగింది: "ఇది మడత కలిపా, కలపకుండానా?"

"కలపకుండా తల్లీ," అన్నాడు మాస్టర్. అక్కడే నిలబడ్డాడు.

అమ్మ కొలతల పుస్తకంలో గురువారం పేజీ నుంచి ప్రతి కొలతకూ రెండు అంకెలున్నాయి: మడత కలపకుండా ఒకటి, కలిపి ఒకటి.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి వార్డులో పన్నెండు కర్టెన్లు వేలాడాయి. మాస్టర్ టేపు పై చివర పట్టుకున్నాడు, అమ్మాయి కింది చివర. పన్నెండూ 84.