గొట్టాల వెనక ఎల్లేష్

పత్తర్‌గట్టి సందులో ఎల్లేష్ దుకాణం వెడల్పు మూడడుగులు, అంతే. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాలి. హార్మోనియంలు, డోలక్‌లు బాగు చేయడం వాళ్ల ఇంటి పని. నాయన ఎల్లప్పకు చూపు మందగించాక ఆ మూడడుగులూ కొడుకుకు వచ్చాయి.

జూలై నెల. చినుకులు పడుతున్నాయి. ఒక అమ్మాయి గొడుగు ముడిచి దుకాణం ముందు నిలబడింది.

"అన్నా, గాలితిత్తి చినిగింది. బాగు చేస్తవా?"

ఎల్లేష్ తలెత్తలేదు. "పెట్టె తీస్కరా, చూస్త."

"తీస్కరానీకి రాదు."

"ఆటోల ఏసుకొని రా."

"ఆటోల పట్టదు."

"ట్రాలీ మాట్లాడుకో మరి."

"ట్రాలీల గూడ పట్టదన్నా. ముందు దాన్ని నిలబెట్టి, తర్వాత దాని మీద కప్పు ఏసిన్రంట."

అప్పుడు తలెత్తాడు. అమ్మాయి ఎత్తు చూస్తే ఐదడుగులు లేదు. గొడుగు కొస నుంచి కారే నీళ్లన్నీ అతను నిన్ననే తోలు బిగించిన డోలక్ మీద పడుతున్నాయి.

"గంత పెద్ద హార్మోనియం ఎవరు వాయిస్తరు, కుంభకర్ణుడా?"

"నేనే."

"మంచిది. గొడుగు జర పక్కకు పెట్టు. డోలక్ తడుస్తుంది."

ఆమె గొడుగు జరిపింది. ఈసారి నీళ్లు అతని నెత్తిన పడ్డాయి. వాళ్ల పరిచయం అలా మొదలైంది.

అమ్మాయి పేరు స్వీటీ. ఒక ప్రైవేటు బడిలో పాటలు నేర్పుతుంది. తండ్రి డానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. వాళ్ల చర్చి ఉస్మాన్‌గంజ్ గోదాముల వెనకాల ఉంది. ఎల్లేష్ తల్లి నీలమ్మ ఆ పక్క గోదాములోనే ఇరవై ఏళ్లుగా మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల్లికి అన్నం డబ్బా ఇవ్వడానికి చిన్నప్పటి నుంచి ఆ గోడ పక్కన వెయ్యిసార్లు నడిచాడు. ఆదివారాలు గోడ అవతల ఏదో గుమ్మని మోగేది. మిర్చి దంచే మిషన్ అనుకున్నాడు. అతనేమిటి, బజారంతా అదే అనుకుంది. వంద మంది ఒక గోడను ఆనుకుని బతుకుతారు, అవతల ఏముందో ఒక్కరూ తొంగిచూడరు. మనుషులు అంతే.

మర్నాడు స్వీటీ చర్చి తలుపు తీసింది. ఎల్లేష్ రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఎదురుగా గోడ లేదు. గొట్టాలు ఉన్నాయి. నేల నుంచి కప్పు దాకా, ఒకదాని పక్కన ఒకటి, వెండిపూత మాసిన గొట్టాలు. అన్నిటికన్నా పెద్దది ముగ్గురు మనుషుల ఎత్తుంది. చిన్నది చిటికెన వేలంత కూడా లేదు. వాటి నడుమ ఒక చిన్న బల్ల, హార్మోనియంకు ఉన్నట్టే మెట్లు, కింద కాళ్లతో తొక్కడానికి కట్టెలు.

"ఎన్ని?" అన్నాడు.

"ఆరు వందల ముప్పై ఆరు. పైప్ ఆర్గాన్ అంటరు. నూరేండ్ల కింద ఓడల తెచ్చి, రైల్ల తెచ్చి, ఆఖరికి ఎడ్లబండ్ల మీద తెచ్చిన్రంట."

"దీని తిత్తి ఏడ ఉంది?"

వెనక చీకటి గదిలోకి తీసుకెళ్లింది. మంచమంత తిత్తి. మడతల దగ్గర తోలు పేలి నోరు తెరిచింది. పక్కన గాలి కొట్టే పొడుగాటి కర్ర పిడి. కరెంటు మోటారు కాలిపోయి ఎనిమిదేళ్లయిందట. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం డానియేలే గాలి కొడుతున్నాడు. పోయిన ఈస్టర్ నాడు తోలు చినిగింది, దాంతోపాటు ఆయన భుజం కూడా పట్టేసింది.

"చేస్తవా అన్నా?"

ఎల్లేష్ తోలు మీద చెయ్యి వేశాడు. తాత తండ్రుల నుంచి చేసిన పనే. కాకపోతే ఇన్నాళ్లూ పిల్లిపిల్లలకు వైద్యం చేసినవాడి ముందు ఇవాళ ఏనుగు వచ్చి పడుకుంది.

"చేస్త" అన్నాడు.

నెలన్నర పట్టింది. మేకతోలు తెచ్చాడు, నానబెట్టాడు, కోశాడు, అతికించాడు. సాయంత్రం బడి అయ్యాక స్వీటీ వచ్చి జిగురు గిన్నె పట్టుకునేది. జిగురు వేలికి అంటితే అతని చొక్కాకు తుడిచేది. "నా అంగీ ఏమన్న మసిబట్టనా మేడం?" అంటే, "మసిబట్టయితే ఉతుకుతరు గదా" అనేది.

ఆగస్టు చివర ఒక సాయంత్రం పని పూర్తయింది. గదిలో ఒక తాడుకు సీసపు గుండు వేలాడుతుంటుంది. పక్కన గోడ మీద తెల్ల గీత. గుండు గీత కన్నా కిందుంటే గాలి నిండుగా ఉన్నట్టు, పైకి పోతే అయిపోతున్నట్టు.

"గుండు మీదనే కన్ను పెట్టు అన్నా. గీత దాటనియ్యకు" అని చెప్పి ఆమె ముందుకు వెళ్లింది.

ఎల్లేష్ పిడి పట్టి గాలి కొట్టాడు. తిత్తి లేచింది. గుండు దిగింది.

ఆమె ఒక్క మెట్టు నొక్కింది.

చెవికి వినపడక ముందే పక్కటెముకలకు తెలిసింది. కప్పు నుంచి దుమ్ము రాలింది. తర్వాత ఆ ఒక్క స్వరం మీద ఇంకొకటి లేచింది, దాని మీద మరొకటి. నది వరదొచ్చి గడప దగ్గర నిలబడితే చూస్తూ ఉండిపోతారే, అలా ఉంది. భయం కాదు. భక్తి అని కూడా అనలేం. ఇంత పెద్దది లోకంలో ఉందా, అది నేను పోసిన గాలితోనేనా పాడుతోంది అన్న ఆశ్చర్యం.

పిడి మీద అతని చేయి ఆగిపోయింది. గుండు పైకి పోయింది. ఆర్గాన్ కడుపునొప్పి వచ్చిన ఏనుగులా మూలిగి చల్లబడింది.

స్వీటీ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందన్..." అని, అతని కళ్ల నిండా నీళ్లు చూసి, మిగతా మాట మింగేసింది. వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ రోజు తర్వాత ఆమె అతన్ని అన్నా అని పిలవలేదు.

వాళ్ల మధ్య మొలకెత్తింది ఇంకా తీగ సాగకముందే ఆనందరావు వచ్చాడు. చర్చి కమిటీ పెద్ద. రిటైరైన ఆఫీసరు, బూట్లు అద్దంలా ఉంటాయి. తిత్తిని చూసి మెచ్చుకున్నాడు.

"వెరీ గుడ్ బాబూ. ఇంక ప్యాకింగ్‌కు ఫికర్ లేదు."

"ప్యాకింగ్ ఏంది సార్?"

"క్రిస్మస్ అయినంక వేరే ఊరి చర్చికి పంపిస్తున్నం. అక్కడ వెయ్యి మంది వస్తరు. ఇక్కడ ముప్పై మందిమి. ఇంత పెద్దది ఎవరి కోసం పెట్టుకోవాలె? వాయించే ఉద్యోగం స్వీటీకే ఇస్తమన్నరు."

ఆయన వెళ్లేదాకా ఎల్లేష్ ఆగాడు. "ముందే చెప్తే తిత్తి ఇంకో రెండేండ్లు బాగు చేసేటోన్ని గదా" అన్నాడు స్వీటీతో.

"చెప్దామనే అనుకున్న."

"ఎప్పుడు, లారీ ఎక్కినంకనా?"

స్వీటీ కళ్లు దించుకుంది. "పన్నెండేండ్ల వయసు నుంచి దీని ముందర కూసున్న. అది ఏడికి పోతే నేను ఆడికే. ఈడ ఉంచమని ఎట్ల అడగాలె? ఇనేటోళ్లు లేరు గదా."

"ఎవరు చెప్పిన్రు లేరని? గోడ అవతల ఇరవై ఏండ్ల సంది ఇంటున్నరు. మిషన్ అనుకుంటున్నరు, గంతే తేడా."

ఆ సాయంత్రమే ఎల్లేష్ ఆనందరావు ఇంటికి వెళ్లాడు. ఒక్క శనివారం సాయంత్రం తలుపులు అందరికీ తెరవాలి, హాలు నిండితే ఆర్గాన్ ఇక్కడే ఉండాలి అని అడిగాడు. ఆనందరావు నవ్వి సరే అన్నాడు. నిండదని ఆయన ధీమా.

మూడు వందల మంది పట్టే హాలు. ఎల్లేష్ హమాలీల వాట్సాప్ గ్రూపుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం దుకాణానికీ తిరిగాడు. ఇంట్లో నీలమ్మ మాత్రం మొహం చిట్లించింది.

"చర్చిల మనల్ని రానిస్తర్రా?"

"నేను నెలన్నర సంది పోతలేనా?"

"నువ్వు పనికి పోతున్నవ్. పనికి పోవుడు వేరే, పిలిస్తే పోవుడు వేరే."

"గందుకే గదా పిలుస్తున్న."

నీలమ్మ అతని చొక్కా అందుకుని ఇస్త్రీ చేయసాగింది.

శనివారం వచ్చింది. వానా వచ్చింది. మామూలు వాన కాదు, బిందెతో దిమ్మరించినట్టు. స్వీటీ మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది. తలుపులు తెరవగానే వాయిస్తూ ఉండమని డానియేలు చెప్పాడు, శబ్దం వినైనా వస్తారని.

ఆర్గాన్ వాయించేవాళ్లు జనానికి వీపు పెట్టి కూర్చుంటారు. వెనక ఏం జరుగుతోందో చూసుకోవడానికి బల్ల పైన జానెడు అద్దం ఉంటుంది. ఎల్లేష్‌కు వెనక గదిలో ఆ జానెడు కూడా లేదు. గుండు, గీత, పిడి. అంతే.

అరగంట వాయించింది. వాన, స్వరాలు కలిసి ఒక్కటయ్యాయి. ఆపింది. బయట వాన కూడా తగ్గింది. హాలులో చప్పట్లు లేవు, మాట లేదు, దగ్గు లేదు.

"ఎల్లేష్" అని పిలిచింది. చెక్క తడిక అవతల నుంచి గొంతు సన్నగా వచ్చింది.

"ఆఁ."

"ఎవ్వరు రాలే."

"మంచిగ చూసినవా?"

"అద్దంల చూస్తున్న. ఒక్క బెంచి మీద గూడ మనిషి లేడు." పాటల పుస్తకం మూసిన చప్పుడైంది. "పోత ఇంగ. పోకముందు ఒక మాట చెప్పాలె. ఆ ఊర్ల కొత్త మోటారు ఉందంట. మోటారు అలసిపోదు, గీత దాటనియ్యదు, మంచిగనే కొడ్తది. గాని నేను వాయిస్తుంటే ఏడ్వదు గదా. నాకు నువ్వు కొట్టిన గాలే కావాలె, ఎల్లేష్. జిందగీ అంత."

ఎల్లేష్‌కు ఇక దాచాలనిపించలేదు. పిడి వదిలి తడిక దగ్గరికి జరిగాడు.

"నేను మెకానిక్‌నని అనుకుంటున్నవా? తిత్తి పని ఇరవై రోజులల్ల అయిపోయింది. మిగిలిన రోజులు ఊకెనే తోలు గీకిన, నువ్వొస్తవని. చీకటి గదిల గాలి కొట్టెటోనికి రోజు ఇస్త్రీ అంగీ ఎందుకు, జర ఆలోచించినవా?"

"ఆ ఇస్త్రీ చేసింది నేను" అంది హాలులోంచి ఒక గొంతు. "గిప్పుడు తెలిసింది సంగతి."

నీలమ్మ గొంతు.

స్వీటీ గిర్రున తిరిగింది. ఎల్లేష్ తలుపు తోసుకుని బయటికి వచ్చాడు.

బెంచీలన్నీ ఖాళీ. నేల మాత్రం కనిపించడం లేదు. బెంచీల ముందు, బెంచీల నడుమ, గోడల వెంబడి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు జనం. మిర్చి గోదాము ఆడవాళ్లు, తడిసిన హమాలీలు, గాజుల దుకాణాల వాళ్లు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లులు, వాళ్ల నడుమ డానియేలు. గుమ్మం బయట మెట్ల నిండా చెప్పులు వానలో నానుతున్నాయి. దేవుడి ఎదుట కుర్చీ ఎక్కి కూర్చోవడం వాళ్లకు తెలియదు. జానెడు అద్దంలో బెంచీల పైభాగాలే కనిపిస్తాయని స్వీటీకి ఆ క్షణాన గుర్తు రాలేదు. ఇక చప్పట్లంటారా, గుళ్లో ఎవరు కొడతారు?

ముందు ఒక హమాలీ నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. స్వీటీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆనందరావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కాళ్లకు బూట్లు లేవు.

"బెంచీల మీద కూర్చోండని చెప్పడానికే లోపలికి వచ్చిన" అన్నాడు నెమ్మదిగా, నీలమ్మ వైపు చూపిస్తూ. "ఈ అమ్మ నా చెయ్యి పట్టి, సారూ, బూట్లిప్పి నేల మీద నిలబడు, నీకే తెలుస్తది అన్నది. నలభై ఏండ్లు ఈ చర్చికి వచ్చిన. ఈ బండలు మాట్లాడ్తయని నాకు తెల్వదు." తన వట్టి కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఆ ఊరికి ఉత్తరం నేను రాస్త. ఇది ఎక్కడికీ పోదు."

నీలమ్మ లేవలేదు. కూర్చున్నచోటు నుంచే స్వీటీని చూసింది. "ఇరవై ఏండ్లు దీన్ని మిషన్ అనుకున్న బిడ్డా. మాఫ్ చెయ్యి. ఇంగోటి వాయించు."

స్వీటీ మెట్ల మీద వేళ్లు పెట్టింది, కానీ తండ్రి వైపు చూసింది. ఎల్లేష్ కూడా చూశాడు. డానియేలు లేచి వెనక గదిలోకి నడిచాడు. ఎల్లేష్ వెనకే వెళ్లాడు, తిట్లకు సిద్ధపడి.

డానియేలు చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకున్నాడు. "జరుగు."

"మీ భుజం, మామా..." అనేసి నాలుక కరుచుకున్నాడు. "సార్."

"మామ అన్నవ్, మళ్ల సార్ ఎందుకు?" డానియేలు మొహం గంభీరంగానే ఉంది, మీసం కిందే ఏదో కదిలింది. "మాట్లాడే సంగతులు మస్తున్నయి. మా దిక్కు వాళ్లు, మీ దిక్కు వాళ్లు, లొల్లి ఉంటది. రేపు మీ అమ్మ నాయనలను తీస్కొని ఇంటికి రా, కూసొని మాట్లాడుకుందం. ఒక్క పాటకు నా భుజం ఏం కాదు. నువ్వు పోయి ముందర కూసో. నా బిడ్డ ఎట్ల వాయిస్తదో ఒక్కసారన్న ముందల నుంచి ఇను."

ఎల్లేష్ వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. బండ చల్లగా ఉంది. నీలమ్మ అతని వైపు చూడలేదు, అరచేయి నేలకు ఆనించి కూర్చుంది. చుట్టూ ఆడవాళ్లందరూ అలాగే ఆనించారు.

స్వీటీ కాలు కింది కట్టెను తొక్కింది. ముగ్గురు మనుషుల ఎత్తున్న గొట్టం ఊపిరి తీసుకుంది.

ఎల్లేష్ అరికాళ్ల కింద బండ మేలుకుంది. మోకాళ్లలోకి, వెన్నులోకి, పళ్ల చివుళ్లలోకి పాకింది. హాలులో ఒక్కరూ కదల్లేదు. కదలని ఆ చేతుల మీద, నీలమ్మవి, పక్కామెవి, ఆ చివర ముసలామెవి, గాజులు వాటంతటవే సన్నగా మోగడం మొదలుపెట్టాయి.