ఉత్తుత్తి పావురానికి చెప్పిన మాట

లెక్కల పీరియడ్ మధ్యలో ఆయమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "చిట్టిని ఒకటో తరగతి టీచర్ గారు రమ్మంటున్నారు," అంది.

చిట్టి గుండె గుభేలుమంది. ఈ మధ్య ఎవరు పిలిచినా అలాగే అవుతోంది.

తను వెళ్ళేసరికి ఒకటో తరగతి పిల్లలు కిటికీ పక్క బెంచీ వైపు చూసి కిసుక్కుమంటున్నారు. ఆ బెంచీ చివర చిట్టి తమ్ముడు కూర్చున్నాడు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"హాజరు పలకమంటే పలకడు. మంచినీళ్ళు కావాలన్నా అడగడు," అంది టీచర్. తర్వాత గొంతు తగ్గించింది. "నిన్న బాత్రూమ్‌కి వెళ్తానని కూడా చెప్పలేకపోయాడు. నిక్కరు తడుపుకున్నాడు, పాపం. ఇంట్లో మాట్లాడుతున్నాడా?"

చిట్టి తల అడ్డంగా ఊపింది.

"వసపిట్ట మూగబోయింది టీచర్!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

"నువ్వూ కాసేపు మూగబోతే నాకు పుణ్యం. కూర్చో!"

తమ్ముడికి వసపిట్ట అని పేరు పెట్టింది నాన్నే. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాగుతూనే ఉండేవాడు. వినేవాళ్ళు లేకపోతే గోడతో, చెప్పులతో, ఆఖరికి సబ్బుతో కూడా కబుర్లు చెప్పేవాడు.

"మీ నాన్నగారి సంగతి వల్ల బెంగపెట్టుకున్నాడేమో..." అంటూ టీచర్ కిటికీ వైపు చూసింది. అంతలోనే మాట మార్చింది. "అబ్బ, ఏం ఎండలమ్మా ఇవి! సరే, ఎందుకు మాట్లాడటం లేదో నీకేమైనా తెలుసా?"

"తెలీదు టీచర్," అంది చిట్టి.

కానీ చిట్టికి తెలుసు.

వాళ్ళ బాల్కనీకి ఎదురుగా కరెంటు తీగ మీద ఒక పావురం ఉంటుంది. వాన పడినా అది రెక్కలు దులుపుకోదు. గింజలు చల్లినా కిందికి దిగదు. దాని కళ్ళలో కెమెరాలు, గొంతులో మైకు ఉన్నాయని వీధిలో అందరికీ తెలుసు. కానీ ఎవరూ పైకి అనరు. పిల్లలు మాత్రం దాన్ని ఉత్తుత్తి పావురం అంటారు.

దాని ముందు పెద్దవాళ్ళు ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకుంటారు. అసలు మాటలుంటే మేడ ఎక్కుతారు. చిట్టి వాళ్ళమ్మ లాండ్రీలో పని చేస్తుంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేస్తుంది. తడి దుప్పట్లు గాలికి టపటపా కొట్టుకుంటుంటే, వాటి మధ్య నిలబడి అన్న మాట పావురానికి వినబడదని అందరి నమ్మకం. "మా ఆవిడ కూరలో ఉప్పెక్కువేసిందని చెప్పడానిక్కూడా ఇక్కడికే రావలసి వస్తోందమ్మా!" అనేవాడు కింది వాటా టైలరు మామయ్య.

తమ్ముడికి ఇవేవీ పట్టేవి కావు. రోజూ బాల్కనీలో స్టూలెక్కి మొదలుపెట్టేవాడు.

"ఏయ్ పిట్టా! ఇవాళ మా కూర మాడిపోయింది. అక్కకి లెక్కల్లో సున్నా వచ్చింది. ఇంకోటి చెప్పనా? నిన్ను పట్టుకుని, నీ లోపలి తీగంతా లాగి మోటారుకి చుట్టేస్తానన్నాడు మా నాన్న. జాగ్రత్త!"

కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి బాగుచేయడం నాన్న పని. వసపిట్ట మాటలు విని పకపకా నవ్వేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చారు. "చిన్న పనుంది, ఒకసారి మాతో రండి," అన్నారు. మర్యాదగానే అన్నారు. అప్పుడు వెళ్ళిన నాన్న మళ్ళీ రాలేదు. అమ్మ చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. అలాంటి మనిషెవరూ మా దగ్గర లేరన్నారు అందరూ.

ఆ తర్వాత ఒక సాయంత్రం తమ్ముడు మళ్ళీ స్టూలు ఈడ్చుకుంటూ బాల్కనీకి బయల్దేరాడు.

"అక్కా, పిట్టనడుగుదాం రా. అది చెప్తే నాన్నని పంపించేస్తారు."

చిట్టికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తనకే తెలియదు. ఎదురుగా ఉన్నది మాత్రం వాడు.

"నోర్ముయ్! నీ వాగుడు వల్లే నాన్నని పట్టుకెళ్ళారు. దానికి అన్నీ చెప్పింది నువ్వే!"

వాడు స్టూలు అక్కడే వదిలేశాడు. అప్పట్నుంచి నోరు విప్పలేదు.

బడి వదిలాక చిట్టి తమ్ముణ్ణి ఇంట్లో దింపి మేడ మీదికి పరిగెత్తింది. అమ్మ ఒక్కతే దుప్పట్లు ఆరేస్తోంది. నాన్న వెళ్ళాక ఆ దుప్పట్ల మధ్యకి ఎవరూ రావడం లేదు.

చిట్టి జరిగిందంతా చెప్పింది. అమ్మ చేతిలో క్లిప్పు అలాగే ఆగిపోయింది.

"అంత మాట ఎలా అన్నావే?"

"వచ్చేసింది అమ్మా." చిట్టి ముక్కు తుడుచుకుంది. "నిజంగా వాడి వల్లేనా?"

కాదు అంటుందనుకుంది. అమ్మ అనలేదు.

"నాకు తెలీదు," అంది. "మొదట మామయ్య మీద అనుమానం వచ్చింది. తర్వాత నాన్న కొట్టు పక్క టీ అమ్మే ఆవిడ మీద. ఇప్పుడు నా మీదే. నాన్నని మెట్ల మీద నిలబెట్టి, పావురానికి వినబడేంత గట్టిగా ఏమన్నానో అని రోజూ తవ్వుకుంటున్నాను. అటు మామయ్య నన్ను చూస్తే తల దించుకుని పోతున్నాడు. ఆయన ఎవర్ని అనుమానిస్తున్నాడో మరి. ఆ పావురం తీగ మీద కదలకుండా కూర్చుంది. మేమే ఒకళ్ళనొకళ్ళం పొడుచుకు తింటున్నాం."

అమ్మ చేతిలోని క్లిప్పు దుప్పటికి పెట్టింది.

"వాడు ఆరేళ్ళవాడే చిట్టీ. అంత బరువు వాడి నెత్తిన పెట్టావు. వెళ్ళి దించు."

"ఎలా అమ్మా?"

"ఏమో. నాది దించుకోవడమే నాకు చేతకావడం లేదు."

చిట్టి కిందికి వచ్చింది. తమ్ముడు బల్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. తనూ బల్ల కింద దూరింది. వాడి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది.

"నీ వల్ల కాదురా. నేను ఊరికే అన్నాను. నువ్వు మాట్లాడొచ్చు."

వాడు అక్క మొహంలోకి చూశాడు. పావురం ఉన్న వైపు కిటికీ చూపించాడు. తర్వాత మెల్లిగా అక్క నోటి మీద చెయ్యి పెట్టి మూశాడు.

ఆ చెయ్యి చల్లగా ఉంది. చిట్టికి అప్పుడు అర్థమైంది. మాట్లాడమని తను గుసగుసగా చెప్తోంది. వాడెలా నమ్ముతాడు?

బల్ల కిందనుంచి బయటికి వచ్చింది. బాల్కనీ తలుపు తీసింది. పావురం తీగ మీదే ఉంది.

"ఏయ్ పిట్టా!" అంది. గొంతు కీచుగా వచ్చింది. మళ్ళీ అంది, ఈసారి వీధంతా వినబడేలా. "మా తమ్ముడు నీకు చెప్పింది కబుర్లు. మాడిన కూర సంగతి చెప్పాడు. నాకొచ్చిన సున్నా సంగతి చెప్పాడు. మా నాన్నని పట్టుకెళ్ళింది వాడు కాదు. మీరు పట్టుకెళ్ళారు!"

ఎదురింటి కిటికీ టక్కున మూసుకుంది. కింద టైలరు మామయ్య మిషను చప్పుడు ఆగిపోయింది.

ఖాళీ బుట్టతో మేడ దిగివచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. చిట్టిని లోపలికి లాగడానికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి సగంలో ఆగింది. తర్వాత గుమ్మం మీదే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిట్టి ఇంకేం చెప్పాలో తెలియక, ఏదో ఒకటి చెప్తూనే ఉంది. బడిలో బెంచీ విరిగిన సంగతి చెప్పింది. చెప్పు తెగిన సంగతి చెప్పింది. ప్రతి మాట తర్వాతా కొంచెం ఆగింది. ఎవరైనా అందుకుంటారేమోనని.

వెనక అడుగుల చప్పుడైంది. తమ్ముడు వచ్చి అక్క గౌను అంచు పట్టుకున్నాడు. పావురం వైపు చూశాడు. వాడి పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

చిట్టి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏంట్రా? మళ్ళీ చెప్పు."

పెదవులు మళ్ళీ కదిలాయి. ఈసారి తెలిసింది. చిట్టి లేచి నిలబడి పావురం వైపు తిరిగింది.

"నాన్న కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది," అంది గట్టిగా. "అది లేకపోతే నాన్నకి దగ్గరివి కనబడవు. అన్నంలో రాయి ఉన్నా కనబడదు."

పావురం మెడ ఒకసారి ఇటు తిరిగింది. అంతే.

వాడి పెదవులు మళ్ళీ కదిలాయి. చిట్టి వంగి చూసి, ఆ మాట కూడా గట్టిగా చెప్పింది.