పంతొమ్మిదో రోజు ఫీడింగ్

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సుల్లేవు. కణాలకు బంద్ ఏం తెలుసు? రెండు రోజులకోసారి వాటికి తిండి మార్చాల్సిందే. ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచి, మిట్టమధ్యాహ్నం ల్యాబు తాళం తీశాను. లోపల స్పిరిటు వాసన, ఫ్రిజ్ రొద. ఇంటికన్నా అదే నయం. ఇంట్లో ఆ రొద కూడా లేదు.

కాలేయ కణాలను పెంచే మందు మీద మా పని. కాలేయాన్ని కొంత కోసేసినా మళ్లీ పెరుగుతుందంటారు. మా ఆయన నతానియేలుకు మాత్రం పెరగలేదు. ఆపరేషనైన నాలుగో రోజుకే పోయాడు. పోయి పదిహేను రోజులు. ఆపరేషన్లో గడ్డతోపాటు వచ్చిన మంచి ముక్కను మా ల్యాబుకిమ్మని నేనే సంతకం పెట్టాను. ఆయనలో పెరగనిది ఫ్లాస్కులోనైనా పెరగాలని నా మొండితనం.

ఆయన కణాల ఫ్లాస్కున్న ఇంక్యుబేటర్ తలుపు తీశాను. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది.

"తిన్నవా?" అన్నాను.

నేను డ్యూటీ నుంచి ఇంటికి రాగానే ఆయన నన్నడిగే మాట అది.

ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టాను. మొన్న అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న కణాలు ఇవాళ సందు లేకుండా నిండాయి. ఏడుపొచ్చేసింది. తిండిలో మందు కలిపేది నా తోటి టెక్నీషియన్ రంజిత్. వెంటనే ఫోన్ చేశాను.

"మందు పనిచేసింది తమ్మీ!"

"ఏం మందు అక్కా? నేనేడ కలిపిన? గది మీరే కలుపుతున్నరు గదా?"

ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ తెరిచాను. మందు బుడ్డి అక్కడే ఉంది. సీలు కూడా తీయలేదు. అతను కలుపుతున్నాడని నేను, నేను కలుపుతున్నానని అతను...

మరి ఏం తిని పెరిగాయి?

చేతి గ్లౌజు లాగాను. దానితోపాటు పెళ్లి ఉంగరం జారి ఖంగున కిందపడింది. నెల కిందట సబ్బు రాసినా ఊడిరాని ఉంగరం. కుడి డొక్కలో, కాలేయం ఉండేచోట, సన్నగా లాగింది...

పాడైన కణాలను చంపడానికి బ్లీచింగ్ నీళ్లుంటాయి. ఆ డబ్బా అందుకున్నాను. మూత తిప్పబోయాను.

వెనక నుంచి, మెల్లగా...

"నువ్వు తిన్నవా?"

తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఇంక్యుబేటర్ తలుపు మీద ఆవిరి పట్టింది.

భయమేసింది. కానీ ఇంటికెళ్తే ఆ మాట అడిగే మనిషి లేడు. డబ్బా కింద పెట్టేశాను.

"నాకు ఆకలి లేదు. నువ్వు తిను," అన్నాను.

ఉంగరం కోసం వంగి టేబుల్ కిందంతా వెతికాను. ఎక్కడా లేదు.

లేచి ఫ్లాస్కు అందుకున్నాను. మూత బిగించే ఉంది.

లోపల ఏదో ఖంగుమంది.