తడిసిన చౌడు

కదిరమ్మ వంటింట్లో చచ్చిపోయింది. మిద్దె కూలి మీద పడింది. దూలం నడిమికి విరిగింది. అటక చెక్కలు, పైన పోసిన చౌడు మట్టి, అంతా ఒకటే కుప్ప.

ఎస్సై రాఘవేంద్ర వచ్చేసరికి శవం వాకిట్లో మంచం మీద ఉంది. మొగుడు ఓబుళేసు పక్కనే కూర్చున్నాడు. ఏడవడం లేదు. కదిరమ్మ తమ్ముడు తిప్పేష్‌ను ఊరివాళ్లు ట్రాక్టర్ ట్రాలీకి కట్టేశారు.

"వీడే సార్," అన్నాడు ఓబుళేసు. "పొద్దున మిద్దెకు చౌడు పోసినాడు. బరువుకు కూలిపాయ."

వానలకు కారకుండా మట్టి మిద్దె పైన ముందే చౌడు పోయడం అక్కడ ఏటా ఉండేదే.

"ఎక్కువ పోసినావా?" రాఘవేంద్ర తిప్పేష్‌ను అడిగాడు.

"ఏటా పోసేటంతే సార్. పాతది గీకినాకే పోసినా. మా యక్క ఇల్లప్పా అది!"

"జైలుకు పోతావు. తెలుసా?"

"తెల్సు." తిప్పేష్ తల ఎత్తలేదు.

పక్కింటి పుష్పావతి ముందుకొచ్చింది. "సద్దు ఇనపడితే ఉరికొస్తి సార్. తలుపు గడేసి ఉండె. లోపల కదిరక్క మూలుగుతాండె. ఎంత పిల్చినా లోపలుండే ఈ ఓబుళేసప్ప తీయల్యా. తీసేతలికి ఆమె అయిపాయ."

"గడియ ఇరుక్కున్యాది," అన్నాడు ఓబుళేసు.

రాఘవేంద్ర లోపలికి పోయాడు. శవం తీసిన చోట మట్టి పిసికి చూశాడు. ముద్దయింది.

ఉగాది నుంచి చుక్క వాన లేదు. ట్యాంకరు నిన్న వచ్చింది. అయినా బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి.

నీళ్లెక్కడివి?

కుప్పలో ఒక గుంజ దొరికింది. ఒళ్లంతా పొగచూరి నల్లగా ఉంది. పైకొన మాత్రం తెల్లగా ఉంది. రంపపు కోత. కొత్తది.

పెరటి తలుపు దాటితే పశువుల కొట్టం. చొప్ప కింద నీలం డ్రమ్ము. సొట్టబోయింది. అడుగున బిగించిన కొళాయికి తడి చౌడు అంటుకుని ఉంది.

డ్రమ్మునూ గుంజనూ వాకిట్లో పెట్టించాడు.

"నీళ్ల డ్రమ్ము కిందినుంచి అటకెక్కాలంటే ఈ గుంజ అడ్డం. అటక కిందికి కోసినావు. అంతేనా?"

ఓబుళేసు తలూపాడు. "అటకను మోసే గుంజ అనుకుంటి సార్. అటకకు గోడల ఆసరా ఉండాది కదా, ఇదెందుకులే అనుకుంటి. బిందెలెత్తి నడుము పోతాందని రోజూ అనేది. కొళాయి తిప్పితే నీళ్లు రావల్లని..."

"గుంజ అటకతో ఆగిందా? దాటి దూలం దాకా పోయింది. ఇన్నేండ్లూ చౌడు బరువు మోసింది అది. తల ఎత్తి చూసింటే కనపడేది."

తిప్పేష్ కట్లు విప్పారు. అతను పోయి అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బావ వైపు చూడలేదు.

"తెలీక కోసినావు. అది రాసుకుంటా," అన్నాడు రాఘవేంద్ర. "గడియ ఇరుక్కోలేదు. నేను వేసి తీసి చూసినా. లోపల ఆమె మూలుగుతాంటే ముందు ఏది బయటికి తీసినావు ఓబుళేసూ?"

ఓబుళేసు చేతులు చూసుకున్నాడు. గోళ్లలో చౌడు ఎండిపోయి ఉంది.

"డ్రమ్ము," అన్నాడు.