మూత మీద పెట్టిన బొట్టు

ఆ శుక్రవారం ఉదయం ముత్తియాల్‌పేటలోని ఆ ఇంట్లో ఐదుగురు ఉన్నారు. బట్టల కొట్టులో పనిచేసే నటేశన్. తలంటుకుని జుట్టుకు తువ్వాలు చుట్టుకున్న ఆయన భార్య సౌభాగ్యం. ఆనందంతో రాత్రి నిద్రపోని వాళ్ళ కొడుకు అరవిందన్. పల్లెలో అమ్మమ్మ దగ్గర పదో తరగతి దాకా చదివి, ఈ ఏడాదే పట్నానికి వచ్చిన కూతురు కవిప్రియ. వెనక గదిలో గ్రైండరు పక్కన నటేశన్ అక్క సుందరి. ఆ ఇంట్లో ఎవరు మనుషులను లెక్కపెట్టినా సుందరి పేరు చివరనే వచ్చేది. ఆమె కూడా తనను చివరనే లెక్కపెట్టుకునేది.

నడవలో చాప మీద పాత దుప్పటి పరిచి, దాని మీద కంప్యూటరు భాగాలు పెట్టారు. మూతపడిన బ్రౌజింగ్ సెంటరు నుంచి తెచ్చిన డబ్బాకు ఇంకా పదకొండో నంబరు అంటించి ఉంది. మానిటరుకు ఒక మూల గీత. ప్రాసెసరు, ర్యాము, హార్డ్ డిస్కు అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. ఒక్క మదర్‌బోర్డు మాత్రం కొత్తది. అది కొత్తది కాకపోతే మిగతావన్నీ కలిసి పనిచేయవని అరవిందన్ పట్టుబట్టాడు. దానికి డబ్బు సుందరి ఇచ్చింది. వీధిలో ఇడ్లీ పిండి అమ్మి కూడబెట్టిన డబ్బు అది.

అరవిందన్ సివిల్ డిప్లొమా పూర్తిచేసి ఏడాది దాటింది. లాస్‌పేటలో ఇళ్ళ ప్లాన్లు వేసే ఇంజినీరు గుణశేఖరన్ అతనితో ఒకటే మాట చెప్పాడు. సొంత కంప్యూటరు ఉంటే సోమవారం నుంచి పని ఇస్తాడు. లేకపోతే వరసలో ఇంకొకడు ఉన్నాడు. లాప్‌టాప్ కొనే తాహతు ఆ ఇంటికి లేదు. అందుకే మూడు నెలలుగా ఒక్కో ముక్కా ఏరి తెచ్చుకున్నాడు.

"పదిన్నరకు రాహుకాలం. దానికి ముందే స్విచ్చు వెయ్యాల," అంది సౌభాగ్యం. "నేనూ మీ నాయినా గుడికి పోయి అర్చన చేయించుకొని వస్తాం. వచ్చేటప్పుడు నాలుగు నిమ్మకాయలు తెస్తా."

"నిమ్మకాయలు ఎందుకమ్మా?"

"బండి కొంటే టైరు కింద పెట్టమా?"

"దీనికి టైర్లు యాడుండాయి?"

"టైర్లు లేకపోతే ఏంది, అడుగున కాళ్ళుండాయి గదా. ఒక్కో కాలికి ఒకటి."

నటేశన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. "మా కొట్లో బిల్లు మిషన్ వచ్చినప్పుడు ఓనరు గుమ్మడికాయే కొట్టినాడు. అయినా అది వారానికి ఒక తూరి పడుకుంటాది."

"మీరు సుమ్మా ఉండండి. మంచి మాట ఒకటి రాదు నోట్లో నుంచి," అని సౌభాగ్యం గంధం, కుంకుమ ఉన్న పళ్ళెం స్టూలు మీద పెట్టింది. "నేను వచ్చి బొట్టు పెట్టినాకనే కరెంటు ఇయ్యాల. తెలిసిందా?"

సుందరి వెనక గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "మదర్ అంటే అమ్మ గదా అరవిందా. మరి నాయిన యాడుండాడు ఇందులో?"

"ఇదిగో అత్తా, ఈ పవర్ సప్లై. మూలన కూర్చోని చప్పుడు చేస్తా ఉంటాడు, ఎవురూ పట్టించుకోరు."

"అచ్చం మీ నాయినే," అని సుందరి నవ్వింది. నటేశన్ కూడా నవ్వుతూ స్కూటరు తీశాడు. ఆ ఇంట్లో అందరూ ఒక్కసారి నవ్వి చాలా రోజులైంది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి అరవిందన్ తల కొట్టుకున్నాడు. ప్రాసెసరు మీద పూసే పేస్టు తేవడం మరిచిపోయాడు. "నా ఫ్రెండు గురు ఇంట్లో ఉండాది, పోయి తెస్తా. దేన్నీ ముట్టుకోవద్దు కవీ," అని సైకిలెక్కాడు.

కవిప్రియ చాప పక్కన కూర్చుంది. మదర్‌బోర్డు దాని అట్టపెట్టె మీద పచ్చగా మెరుస్తోంది. నడుమ ప్రాసెసరు కూర్చునే చోట నల్లటి ప్లాస్టిక్ మూత ఉంది. ఆ మూత తియ్యవద్దని, దాని కింద వెంట్రుకల్లాంటి సన్నటి లోహపు కమ్ములు ఉంటాయని అరవిందన్ ముందు రోజే చెప్పాడు.

సుందరి చేతికి అంటిన పిండి కడుక్కుని వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. పండగైనా, పేరంటమైనా, కొత్త చీర మడత విప్పినా ఆమె అంత దూరంలోనే నిలబడేది. భర్త పోయి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి అంతేనట. ఎవరూ జరగమనే అవసరం రాకుండా ముందే జరిగేది. పల్లె నుంచి వచ్చిన కొత్తలో, తరగతిలో ఎవరూ మాట్లాడటం లేదని కవిప్రియ ఏడిస్తే, ఏమీ అడగకుండా పిండి పొట్లాలు కట్టే పని చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నది ఈ అత్తే.

"అత్తా, నువ్వు బొట్టు పెట్టు దీనికి."

"నేనా? పోవే. మీ అమ్మ రానీ."

"అమ్మ డబ్బాకు పెడతాది. దీన్ని కొన్నది నువ్వు గదా. దీనికి నువ్వు పెట్టు."

"వద్దు కణ్ణు. నేను పెట్టగూడదు."

"నేను అడుగుతా ఉండాను. నా కోసం పెట్టవా?"

కవిప్రియ ఎవరినీ ఏదీ అంత గట్టిగా అడిగింది లేదు. సుందరి వాకిలి వైపు ఒకసారి చూసింది. చెయ్యి కొంగుకు మళ్ళీ తుడుచుకుంది. ఉంగరం వేలితో చుక్క గంధం తీసి ఆ నల్లటి మూత మీద పెట్టింది, దాని నడుమ చిటికెడు కుంకుమ. వేలు వెంటనే తీయలేదు. "వాడికి పని దొరకాల," అంది నెమ్మదిగా. ముఖం వెలిగిపోతుండగా లోపలికి వెళ్ళింది. గ్రైండరు మళ్ళీ తిరగడం మొదలైంది.

కవిప్రియకు కడుపు నిండినట్టయింది. ఆ బొట్టునే చూస్తూ కూర్చుంది. అప్పుడే వీధి మలుపులో నాన్న స్కూటరు హారను వినిపించింది.

ఆమెకు ఏమైందో ఆమెకే తెలియదు. చెయ్యి, అమ్మ తల నుంచి విప్పి వదిలేసిన తడి తుండు కోసం వెతికింది. మూత మీద బొట్టును గబగబా తుడిచింది. తడి తగిలి గంధం కరిగి అంచు సందులోకి జారింది. మూత ఊడి చేతిలోకి వచ్చింది. కింద సన్నటి బంగారు కమ్ములు, ఒక మూల పసుపు రంగు నీళ్ళు. భయంతో తుండు కొనను అక్కడ అద్దింది. నూలుపోగు ఒకటి దేనికో పట్టుకుంది. లాగింది. మూత మళ్ళీ పెట్టేసి, తుండు ఒళ్ళో దాచుకునేసరికి అమ్మ మెట్లెక్కింది.

తరువాతిదంతా చాలా త్వరగా జరిగిపోయింది. అరవిందన్ పేస్టుతో వచ్చాడు. మూత తీశాడు. ప్రాసెసరు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఫోను లైటు వేసి వంగి చూశాడు.

"దీన్ని ఎవురు ముట్టుకున్నారు?"

కవిప్రియ ఒళ్ళోని తుండును ఇంకా లోపలికి నొక్కుకుంది.

"కమ్ములు వంగిపోయినాయి. ఒకటి కాదు, ఒక వరసంతా పోయింది. నాయినా, చూడండి! ఇంక ఇది దేనికీ పనికిరాదు." అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా అయిపోయింది. "ఇక్కడ పసుపుగా ఏందో ఉండాది."

సౌభాగ్యం వంగి చూసింది. "సందనం! నేను ఇంకా పళ్ళెం ముట్టుకోనే లేదే. యాడి నుంచి వచ్చింది?"

గ్రైండరు ఆగింది. సుందరి గుమ్మంలోకి వచ్చింది. "నేనే పెట్టినా సౌభాగ్యం."

సౌభాగ్యం చేతిలోని నిమ్మకాయల సంచి జారి కింద పడింది.

"వదినా, మీకు తెలీనిదా? ఇన్నేళ్ళు నేను ఒక్క మాట అన్నానా? మీకై మీరే జరుగుతా ఉంటిరి, నేనూ ఊరుకుంటిని. ఈ ఒక్క రోజు, నా బిడ్డ బతుకు మొదలయ్యే రోజు, మీకు ఎందుకు చెయ్యి పెట్టాలనిపించింది? కైరాశి, హస్తవాసి అనేది ఒకటి ఉంటాది వదినా. అది మీ చేతికి లేదు. లేనప్పుడు దూరంగా ఉండాల."

"సౌభాగ్యం, చాలు," అన్నాడు నటేశన్. గట్టిగా అనలేదు.

"ఏం చాలు? వాడు మూడు నెలలు టీ తాగకుండా కూడబెట్టినాడు!"

"అమ్మా," అంది కవిప్రియ. గొంతు ఆమెకే వినబడలేదు. మళ్ళీ అంది. "అమ్మా, అత్త కాదు. అత్త మూత మీదనే పెట్టింది. లోపల తుడిచింది నేను."

"నువ్వు ఊరుకో. పది మాటలడిగితే ఒక మాట పలకవు, అత్త కోసం ఇయ్యాల నోరొచ్చిందా?"

"నిజంగా నేనే. తుండు తగిలి..."

"అబద్ధం చెప్పను కూడా రాదు నీకు. చేతులు చూడు, ఎట్ల వణకతా ఉండాయో."

కవిప్రియ అన్న వైపు చూసింది. అతను వినడం లేదు. బోర్డును పెట్టెలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా దాన్ని కొన్న కొట్టుకు వెళ్ళిపోయాడు. నాన్న వైపు చూసింది. ఆయన కిందపడిన నిమ్మకాయలు ఏరుతున్నాడు.

అరవిందన్ మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. కమ్ములు వంగితే గ్యారంటీ వర్తించదని కొట్టులో చెప్పారట. బాగు చెయ్యడం కూడా కుదరదట. వచ్చే దారిలోనే ఇంజినీరుకు ఫోను చేసి రెండు వారాలు ఆగమని అడిగాడు. ఆయన కోప్పడలేదు. "పరవాలేదు తంబీ, ఇంకో తూరి చూస్తాం," అన్నాడు. ఆ పని వేరే కుర్రాడికి ఇచ్చేసినట్టే.

అతను అన్నం ముట్టలేదు. పదకొండో నంబరు డబ్బాను మంచం కిందికి తోసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సౌభాగ్యం పొయ్యి దగ్గర కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. సాయంత్రం పిండి కోసం ఇద్దరు ముగ్గురు వచ్చి పిలిచారు. వెనక గదిలోంచి సుందరి పలకలేదు. చివరికి కవిప్రియే వెళ్ళి, ఈ పూట లేదని చెప్పి పంపింది.

తరువాత ఆమె వెనక గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. సుందరి నేల మీద, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరివో చేతులు చూస్తున్నట్టు వాటినే చూస్తోంది.

"అత్తా."

"వాడు తిన్నాడా?"

"లేదు. అత్తా, నీ చెయ్యి ఏమీ చెయ్యలా. నేను చెప్పింది అబద్ధం కాదు. నువ్వు మూత మీదనే పెట్టినావు. మూత తీసింది నేను. లోపల తుండు అద్దింది నేను. కమ్ములు నా వల్లనే వంగినాయి."

సుందరి తల ఎత్తింది. "ప్రమాణంగానా?"

"నీ మీద ఒట్టు."

ఆమె భుజాలు దిగాయి. లేచి గుమ్మం దాకా వచ్చి కవిప్రియ చెంప తాకింది. "పిచ్చిదానా. తెలీక చేసినావు. పోనీలే. నా చెయ్యి కాదు గదా. అది చాలు నాకు." కళ్ళు తుడుచుకుంది. "అయినా మూత ఎందుకు తీసినావే?"

"తియ్యలా. తుడస్తా ఉంటే ఊడింది."

"మూతను ఎందుకు తుడిచినావు? చుక్కే గదా నేను పెట్టింది."

అన్న కోప్పడతాడని, అనవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇప్పుడే ఒట్టు వేసిన నోరు. చెంప మీద అత్త చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

"నాయిన బండి చప్పుడు వినబడింది," అంది కవిప్రియ.

"అయితే ఏంది?"

"అమ్మ చూస్తే... ఎవురు పెట్టినారని అడుగుతాదని..."

చెంప మీది చెయ్యి మెల్లగా దిగిపోయింది.

"నువ్వు అడిగితేనే గదా పెట్టినా," అంది సుందరి. గొంతులో కోపం లేదు. "మీ అమ్మ అన్నదానికి నాకు బాధ లేదు కణ్ణు. ఆమెది ఎప్పుడూ ఉండేదే. నువ్వు పెట్టమంటివి. నేను పెడితిని. మళ్ళీ నువ్వే తుడిస్తివి."

"అత్తా, భయమేసింది. అంతే. నాకు వేరే ఏమీ..."

"తెలుసు. చిన్నపిల్లవు."

నిజం చెబితే అత్త మీది భారం దిగిపోతుందని కవిప్రియ వచ్చింది. దిగింది కూడా, ఒక్క నిమిషం. అమ్మ అన్న మాటలు అత్త ఇన్నేళ్ళుగా మోయడం నేర్చుకున్నవి. ఇది ఆమెకు కొత్తది. దీన్ని తెచ్చి ఇచ్చింది తనే. కవిప్రియకు ఏడుపు ముంచుకొచ్చింది. అత్త చెయ్యి పట్టుకోవాలని ముందుకు జరిగింది.

సుందరి ఆ చేతిని వెనక్కి తీసుకుంది. ఎప్పుడూ నిలబడే అంత దూరానికి జరిగింది.

"పోయి మీ అన్నకు అన్నం పెట్టు," అంది. తరువాత, పిల్ల వేళ్ళు నలగకుండా చూసుకుంటూ, మెల్లగా తలుపు మూసింది.